ఇంటి రికార్డు రూములో అవ్వ పాట
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని స్థిరపరచింది. ఆ విషయం మీద మాట్లాడడానికి నాకన్న సమర్థులు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను 'రిటైరైన తరువాత కాలక్షేపం' అనే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నా కాలక్షేపం పాటలు. కనుక మా ఇంట్లో పాటల ఏర్పాటు గురించే మనవి చేస్తాను.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేండ్ల కింద దసరాకు వచ్చి, "బాపూ, ఇంట్ల ఒక సర్వర్ పెడ్త" అన్నాడు. మన కాలంలో సర్వర్ అంటే హోటల్లో ఇడ్లీ వడ తెచ్చి పెట్టేవాడు. "ముసలోళ్ళకు సర్వరెందుకురా, మీ అమ్మ వండుతనే ఉన్నది గద" అన్నాను. వాడు నవ్వి, విడమర్చి చెప్పాడు. తరువాత ఆలోచిస్తే నేనన్నది మరీ తప్పేమీ కాదనిపించింది. హోటల్లో వంటిల్లు ఒక్కటే, బల్లలు పది. ఎవరు ఏది అడిగితే సర్వర్ లోపలి నుంచి అది తెచ్చి పెడతాడు. ఇదీ అంతే. పాటలన్నీ ఒక్క చోట ఉంటవి. ఏ గదిలోనుంచి ఏది అడిగితే అది ఆ గదిలో వినబడుతుంది.

మన చిన్నతనంలో గ్రామపంచాయతీ రేడియో ఉండేది గుర్తున్నదా? పెట్టె ఆఫీసులో, మైకు బయట. సాయంత్రం హైదరాబాదు కేంద్రం పెడితే వాడకట్టంతా వినేది. నిజాం కాలపు దక్కన్ రేడియో ఆకాశవాణి చేతికి వచ్చింది 1950లో. నేను పుట్టిందీ ఆ సంవత్సరమే. కాకపోతే ఆనాడు వాళ్ళు పెట్టిందే అందరూ వినాలి. ఇప్పుడు మా ఇంట్లో పూజగదిలో సుప్రభాతం మోగుతుంటే నేను ముందర గదిలో ఘంటసాల పాట పెట్టుకోవచ్చు. కావాలంటే ఇల్లంతటా ఒకే పాట ఒకేసారి పెట్టవచ్చు.

సరంజామా పెద్దదేమీ కాదు. రాస్ప్‌బెర్రీ పై అని పేకముక్కంత కంప్యూటరు ఒకటి. ఇది 2012లో ఇంగ్లండులో మొదలయింది. దానికి ఒక హార్డ్ డిస్కు. ముందర గదిలో నా పాత ఆంప్లిఫయరు, మిగతా గదుల్లో పక్కన పడేసిన సెల్‌ఫోన్లకు చిన్న స్పీకర్లు. ఇంట్లో వైఫై పెట్టె ఉంటే చాలు, బయటి నెట్ పోయినా పాట ఆగదు. కరెంటు ఎంత కాలుతుందని మా ఇంటామె అడిగింది. పది వాట్లనుకున్నా, రాత్రింబగళ్ళు నడిస్తే నెలకు ఏడు యూనిట్ల చిల్లర.

నడిపించే సాఫ్ట్‌వేరు పేరు లిరియన్ మ్యూజిక్ సర్వర్. దానికొక చరిత్ర ఉన్నది. స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టెల కోసం తయారైన సాఫ్ట్‌వేరు అది. ఆ చిన్న కంపెనీని 2006లో లాజిటెక్ కొన్నది, 2012లో ఆ పెట్టెల తయారీ నిలిపివేసింది. కాని సాఫ్ట్‌వేరు అందరికీ తెరిచి ఉంచినది కనుక, వాడుకునేవాళ్ళే దాన్ని బతికించుకున్నారు. 2024లో పేరు మార్చుకుని ఇప్పటికీ ఉచితంగా దొరుకుతున్నది.

"యూట్యూబులో అన్నీ ఉండంగ ఈ తిప్పలెందుకు?" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నేనూ అట్లాగే అన్నాను. సినిమా పాటలున్నవి. చుక్క సత్తయ్యగారి ఒగ్గు కథ ఉన్నది. మధ్యలో ప్రకటనలు వస్తే వస్తవి, ఓర్చుకుంటాం. కాని మా అవ్వ పాడిన పాట అక్కడ లేదు.

మిత్రులారా, అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. 1988లో సద్దుల బతుకమ్మ నాడు, మా బావమరిది దుబాయి నుంచి తెచ్చిన టేప్ రికార్డరు మీద మా అవ్వ పాటలు పట్టాను. గంట కాసెట్లు రెండు నిండినవి. ఆమె పాడుతుంటే వాడకట్టు ఆడవాళ్ళు అందుకున్నారు. మధ్యలో మేక అరిచింది, ఎవరో పిల్లవాడు ఏడ్చాడు, అవీ పడ్డవి. 1997లో అవ్వ పోయింది.

నేను ముప్పై అయిదేండ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. రికార్డు రూములో ఏ కట్ట ఏ బీరువాలో ఉన్నదో కండ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. నంబరు వేయని కాగితం నా బల్ల దాటిపోలేదు. అటువంటి నేను మా అవ్వ కాసెట్ల మీద పేరు రాయలేదు. వెనుక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదని తెలిసీ విరువలేదు. ఒకనాడు సినిమా పాటల జాబితా రాసుకుని, ఖాళీదనుకుని ఒక కాసెట్టు రికార్డింగు షాపులో ఇచ్చి వచ్చాను. సాయంత్రం తెచ్చి వింటే రెండు వైపులా సినిమా పాటలే. పాటలు బాగానే వచ్చినవి. షాపతని తప్పేమీ లేదు. ఏ కాసెట్టు ఇచ్చానో నాకు వారం తరువాత గాని తెలియలేదు. ఈ మాట మా అక్కకు ఇరవై ఏండ్లకు పైగా చెప్పలేదు.

మిగిలిన ఒక్క కాసెట్టును మా అబ్బాయి, నేను కలిసి కంప్యూటరులోకి ఎక్కించాం. పాత టేపును ముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కు తిప్పాలి, హెడ్డును స్పిరిటుతో తుడవాలి. అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో గంట టేపు ఎక్కాలంటే గంట పడుతుంది, తొందరపెడితే కాదు. మా ఇంట్లోని నూట నలభై కాసెట్లకు ఆరు నెలలు పట్టింది.

అప్పుడు నా గుమాస్తాగిరి అక్కరకు వచ్చింది. మన ఆఫీసుల్లో ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసిన ఫైలు, డి.డిస్. అంటే పదేండ్ల తరువాత తీసివేయదగినది. అదే పద్ధతి పాటలకూ పెట్టాను. బజారులో దొరికే సినిమా పాటలు ఎంపీత్రీలో చాలు. గంటకు అరవై ఎంబీ లోపే పడుతుంది. అవ్వ కాసెట్టు మాత్రం ఆర్.డిస్. దాన్ని ఏమాత్రం కుదించకుండా ఉంచాను. గంటకు ఆరు వందల ముప్పై ఎంబీ వచ్చింది. రానీయండి. ప్రతి పాటకూ పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం రాశాను. పేరు లేని పాట సర్వర్లో ఉన్నా లేనట్టే, అడిగినప్పుడు దొరకదు.

డిస్కు ఒక్కటే ఉంటే అదీ ఒకనాడు పోతుంది. అందుకని ఒక నకలు మా అబ్బాయి ఇంట్లో, మరొకటి మా చెల్లెలి ఇంట్లో పెట్టించాను. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి బతికి ఉన్నామని రుజువు చేసుకుంటున్నాం గదా, ఆ డిస్కులతోనూ ఏడాదికొకసారి పాడించి చూస్తాను.

మా అక్కకు ఎనభై రెండేండ్లు. బావ పోయినప్పటి నుంచి మా దగ్గరనే ఉంటున్నది. చూపు తగ్గింది, వాకిట్లోకి రాలేదు. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు ఇల్లంతటా అవ్వ పాటలు పెట్టాము. అక్క మంచం మీద లేచి కూచున్నది. టేపు అయిపోయినా ఆమె ఆపలేదు. ఇంకొక పాట ఎత్తుకున్నది. అది నేను చెరిపేసుకున్న కాసెట్టులోనిది.

ఆనాడు చెప్పాను. "తప్పు నాదే అక్కా, చెరిగిపోయింది" అన్నాను. ఆమె కాసేపు ఊరుకున్నది. తరువాత, "చెరిగితే చెరిగింది తియ్ తమ్మీ. నాకు యాదికున్నకాడికి పాడుత, పట్టుకో" అన్నది. పది పన్నెండు మధ్యాహ్నాలు ఫోనులో పట్టుకున్నాను. నాలుగు పాటలు వచ్చినవి. అందులో ఒకదానికి రెండు చరణాలే గుర్తున్నవి. తక్కినవి ఎంత యాది చేసుకున్నా రాలేదు. ఆ నాలుగూ ఇప్పుడు అవ్వ పాటల పక్కన అక్క పేరుతో ఉన్నవి.

అందుచేత మిత్రులకు నా మనవి. మీ అటకల మీద, ఇనుప పెట్టెల్లో పేరు లేని కాసెట్లు ఉంటవి. మీ నాయిన మాటో, మీ పెండ్లి నాటి పాటో ఉండవచ్చు. సర్వర్ పెట్టుకోవడం తరువాతి మాట. ముందు వాటిని దించి, పలుకు విరిచి, పేరు రాయండి. ఎక్కించడానికి టేప్ రికార్డరు లేనివారు మా ఇంటికి రండి, ఆదివారాలు నేను ఖాళీయే. ఇంట్లో పాడేవాళ్ళు ఇంకా ఉంటే మాత్రం కాసెట్ల కన్న ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి.