పాట కట్టు విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



వానను నమ్మి బ్రతుకు ఈ మెట్టసీమలో ఒక గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలుపుట చిన్న పని కాదు. దానిని గూర్చి నాకంటె ముందు పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పిరి. కార్యదర్శిగారు నన్ను సంగీతమును గూర్చి అరగంట మాటలాడుమనిరి. వీలైనచో రెండు కీర్తనలు పాడుమనియు అనిరి. పాడు సంగతి చివర చూతము. గుంతకల్లునుండి వచ్చు రైలులో నిన్నటి రాత్రి నా గొంతు చలిగాలి తిన్నది.

క్రిందటి వేసవిలో ఒక సాయంకాలము నేను ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండగా, ఈ ప్రాంతపు రైతొకడు తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ బాలిక కర్నూలు శారదా సంగీత కళాశాలలో గాత్రము నేర్చినది, బి.ఏ. పూర్తిచేసినది. పైచదువు చదివెదనని పట్టుపట్టినది. పాడుటలో కాదు, వీణలో కాదు. క్రొత్తపాటకు వర్ణమెట్టు కట్టు విద్యలో. ఆ తండ్రి నన్నడిగిన మాట ఇది: "అయ్యోరూ, పాట కట్టేదానికి గూడా ఎమ్మే వుంటాదా? అది పుట్టుకతో రావల్ల గానీ ఇంగొకరు నేర్పిస్తే వచ్చేదా?"

ఆ పూట నేను సరిగా బదులు చెప్పలేకపోతిని. ఏదో సర్దిచెప్పి పంపితిని. ఆ బదులే నేడు మీ యెదుట చెప్పదలచితిని.

మొదట మన విశ్వవిద్యాలయముల సంగతి. మదరాసు విశ్వవిద్యాలయమున 1932లో భారతీయ సంగీత శాఖ ఏర్పడినది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమునను, తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను సంగీతమున ఎం.ఏ. చదువు వచ్చినది. ఈ చదువులలో ప్రధానమైనవి గానము, శాస్త్రము, చరిత్ర. రాగాలాపన, నెరవు, కల్పనస్వరములు నేర్పుదురు. ఇవి అన్నియు సృష్టియే, ఆ క్షణమున పుట్టి ఆ క్షణమున గాలిలో కలిసిపోవు సృష్టి. కాని కాగితముమీద కూర్చి, చెరిపి, మరల కూర్చి నిలుపు రచనకు ఆ చదువులో ఒక మూల చోటు దొరకును గాని పట్టము దానిపై నిలువదు. నా సొంత అనుభవము చెప్పెదను. చదువుకొను కాలమున ఒక పరీక్షలో నేను కట్టిన పాట నొకదానిని పాడితిని. "ఇది ఎవరి కృతి?" అని అడిగిరి. నాదేనంటిని. "అట్లయిన ఇది పాఠ్యక్రమములో లేదు" అనిరి. వారు అన్నది నిజమే.

పాశ్చాత్య దేశములలో సంగీతరచనయే ఒక ప్రత్యేక విద్య. దానికి పట్టమును, పట్టముపైని పట్టమును కలవు. విద్యార్థి తాను వ్రాసిన స్వరపత్రములను గురువు వద్దకు తీసికొనిపోవును. గురువు వాటిని చూచి 'ఈ స్వరము ఇచ్చట ఏల?' అని అడుగును. ఆ పిమ్మట వాద్యగాండ్రు దానిని వాయింతురు. మనసులో మధురముగా మ్రోగినది నలుగురు వాయించునప్పుడు ఎట్లు బురదయగునో విద్యార్థి తన చెవులతోనే వినును. చదువు చివర ఇట్టి రచనల సంపుటమునే పరీక్షకు సమర్పించును. అచ్చట 'సమకాలికము' అనగా బ్రతికియున్న వారి సంగీతము. నిన్నటివారి దారినే నడువవలెనను నియమము లేని సంగీతము.

అది మనకేల యందురేమో. ఒక కథ వినుడు. ఫ్రాన్సు దేశమున మెసియాఁ అను రచయిత (1908–1992) ఉండెను. యౌవనమున అతడు ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞానసర్వస్వమును తిరుగవేయుచు, అందు మన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరములోని 120 దేశీతాళముల పట్టికను చూచెను. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున నుండినవాడు. ఆ గ్రంథమునకు మన రేచర్ల వంశపు రాజు సింగభూపాలుడు సుధాకరమను వ్యాఖ్య వ్రాసెను. గ్రంథము మనకు పరాయిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధములో మెసియాఁ జర్మనులకు ఖైదీగా చిక్కెను. 1941 జనవరి 15న, గ్యోర్లిట్జ్ శిబిరమున, తోడి ఖైదీల యెదుట అతని చతుర్వాద్య రచన యొకటి మ్రోగినది: వయొలిన్, క్లారినెట్, చెల్లో, పియానో. దాని మొదటి భాగములో పియానో నడచు లయ మన రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళములను చేర్చి కట్టినది. మనము ఏనాడో మరచిన తాళములు ముండ్లకంచెల నడుమ, మంచులో మ్రోగినవి.

అతడు వాటిని మనవలె ఎఱిగి వాడెనని నేననను. చేతితో వేసి, నోటితో పలికి నేర్చినవాడు కాడు. అంకెల వరుసగా తీసికొనెను. అయినను, గ్రంథాలయములో ఒక పుట ఒకని చేతబడినచో ఏమి జరుగునో దీనివలన తెలియును. తరువాత ఆయన పారిసు సంగీత విద్యాలయమున ఆచార్యుడాయెను. జెనాకిస్ అను గ్రీకు ఇంజనీరొకడు వద్దకు రాగా, నీవు హార్మొనీ పాఠములు మరల మొదటినుండి నేర్వనక్కరలేదు, నీకు వచ్చిన గణితమును వాస్తువును సంగీతమున వాడుకొనుమని హితవు చెప్పెనట. జెనాకిస్ అట్లే చేసి పేరు గాంచెను. నేర్పుట యనగా అందరి నోట ఒకే ముద్ద పెట్టుట కాదని ఆ రైతునకు నేనీ కథ చెప్పవలసినది.

ఇక మన సీమకు వత్తము. ఈ విద్యకు మనవారిలో నాకు కనబడు గొప్ప నిదర్శనము రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో పుట్టిరి, 1979లో గతించిరి. మైసూరు మహారాజా కళాశాలలో ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పిరి. అచ్చటనే సంగీతమును సాధన చేసిరి. ఉద్యోగ విరమణానంతరము తిరుపతికి వచ్చి అన్నమాచార్యుని సంకీర్తనల పనిలో దిగిరి. అన్నమయ్య (1408–1503) రాజంపేట దగ్గరి తాళ్లపాకవాడు. ఆయనయు మన సీమవాడే. రాగిరేకులపై 12,000కు పైగా సంకీర్తనలు మిగిలినవి. ప్రతి పాటకును రాగము పేరు కలదు, పల్లవి కలదు, చరణములు కలవు. స్వరము లేదు. ఏ తాళమో సాధారణముగా చెప్పలేదు. ఇంటిపేరు, ఊరిపేరు తెలిసియు ముఖము తెలియని మనుష్యుని బొమ్మ గీయవలసిన పని యది.

మరి ఎట్లు గీయవలెను? ఇచ్చటనే విద్య యున్నది. అన్నమయ్య పాటను ముట్టను. మన నోట ప్రతిదినము వచ్చు మాట నొకటి తీసికొందము: 'వాన రాలేదు'. ఇందు 'వాన' మూడు మాత్రలు, 'రాలేదు' ఐదు మాత్రలు, మొత్తము ఎనిమిది. ఎనిమిది గనుక ఆదితాళమున నాలుగు నాలుగుగా కుదురునని తొందరపడినచో, దెబ్బ సరిగా 'రా' నడుమ పడి మాట విరుగును. పాడువాడు మాటను మ్రింగినట్లుండును. 'వాన'లోని 'వా'ను ఇంకొక రెండు మాత్రలు సాగదీసి చూడుడు. అప్పుడు 'వాన' ఐదు, 'రాలేదు' ఐదు. ఖండచాపులో రెండు ఆవృత్తములు నిండుగా పట్టును. అంతేకాదు, 'వా' సాగినచోట ఆకాశము వైపు చూచుచున్న రైతు కనబడును. పొరపాటున 'న'ను సాగదీసినచో ఆ భావము పోవును, తెలుగును పోవును. తాళము, రాగము, ఊపిరి, మాట విరుపు, అర్థము, ఈ ఐదును ఒకచోట కలియునట్లు చేయుటయే వర్ణమెట్టు కట్టుట. ఇది నేర్పదగిన విద్యయా కాదా మీరే చెప్పుడు.

శర్మగారు తెలుగు పండితులు గనుక మాటను విరువలేదు. గాయకులు గనుక రాగమును నొప్పింపలేదు. 1974లో మదరాసు సంగీత అకాడమీ వారు ఆయనను సంగీతకళానిధిగా గౌరవించిరి. తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు ఆ సంకీర్తనలకు అనేకముగా వర్ణమెట్లు కూర్చి ఇంటింటికి చేర్చిరి. రేకుమీది రాగమును విడిచి వేరు రాగమున కట్టినవారును కలరు. అది తప్పని నేననను. ఏల విడిచితిమో చెప్పగలిగినచో చాలును. చెప్పలేనిచో ఆ రాగమునే ఉంచుట మేలు.

ఇచ్చట నొక ఆక్షేపణ కలదు. బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) స్వరరచనలో ఏ పట్టము పొందిరి? ఆయన ఎం.ఏ. తెలుగులో. 1941లో మదరాసు రేడియోలో చేరి తామే మాటలు వ్రాసి, తామే బాణీలు కట్టి లలిత సంగీతమునకు త్రోవ వేసిరి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) బడి చదువే సరిగా చదువలేదు. యౌవనారంభముననే 72 మేళకర్తలలోను కృతులు రచించిరి, నాలుగే స్వరములతో లవంగి వంటి రాగమును తెచ్చిరి. అట్టివారికి పట్టమక్కరలేదు, నిజమే. కాని రజనిగారు పాతవారి నెంత చదివిరో తెలియవలెనన్న ఆయన 1958లో ప్రకటించిన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' చూడవలెను. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. పట్టము లేనివాడు చదువులేనివాడు కాడు.

ఈ సందర్భమున కార్యదర్శిగారికొక విన్నపము. మన గ్రంథాలయమున సంగీతమునకు మూడు పుస్తకములున్నవి. అందొకటి హార్మోనియము స్వబోధిని. దానికి నడిమి పుటలు లేవు. రజనిగారి గ్రంథమును తెప్పింపుడు. సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని కూడ తెప్పింపుడు. అది 1904లో తమిళదేశపు ఎట్టయపురమున అచ్చయినను, అచ్చయినది తెలుగు లిపిలో. గమకములకు వేరువేరు గుర్తులతో కృతులను వ్రాసిన మహాగ్రంథము. తెలుగు చదువ నేర్చిన డోన్ బాలిక దానిని తన లిపిలోనే చదువుకొనగలదు. ఈ భాగ్యము ఎందరికి కలదు?

ఆ తండ్రీకూతుండ్రు మొన్న కార్తికములో మరల వచ్చిరి. ఈసారి దాచక చెప్పితిని. అమ్మాయి కోరిన చదువు ఒకేచోట కట్టగట్టి మనకు దొరకదు. సంగీతమున ఎం.ఏ. చేరవలెను, గురువును అడిగి అడిగి రచన నేర్వవలెను, స్వరలిపి తప్పులేక వ్రాయుట రావలెను, మన చెక్కభజన, కోలాటము, కలుపుపాటల లయలను విని కాగితముమీద పెట్టవలెను. ఉద్యోగమునకు నేను పూచీపడలేనంటిని. రేడియో, నాటకము, సినిమా, బడిపంతులు పని, ఏది చేజిక్కునో తెలియదు. వేరుసెనగ పంటమీద అప్పు తెచ్చి చదివించు తండ్రికి ఈ మాట ముందే తెలియవలెను. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఎంత కాలం పడ్తాది అయ్యోరూ?" అని మాత్రమే అడిగెను. పరీక్షకు రెండేండ్లనియు, విద్యకు లెక్కలేదనియు చెప్పితిని.

ఆమె తన వ్రాతపుస్తకము చూపినది. చెక్కభజన దరువు నొకదానిని పట్టి పాట కట్టుచున్నది. మూడవ పంక్తిలో ఒక మాత్ర తక్కువ వచ్చినది. వ్రేలు పెట్టి చూపితిని. "అది తెలిసే తగ్గించినా అయ్యోరూ, అక్కడ కాలు ఎత్తుతారు" అన్నది. మరల తాళము వేసి చూచితిని. ఆమె చెప్పినదే సరి.

కార్యదర్శిగారు కీర్తనలు అడిగిరి గదా. ఆ బాలిక ముందు వరుసలోనే యున్నది, పుస్తకము ఒడిలో పెట్టుకొని. ఆ పాట పాడుమని సభకు ముందే అడిగితిని. రెండవ చరణము ఇంకను కుదరలేదట. కావున నా బొంగురు గొంతుతో నేనే ఒకటి పాడెదను, క్షమింపుడు.