పేలని తూటా

తుపాకి ధ్వని వినగానే ఉలికిపడని వారు అరుదు. కాని ఆయుధాల మధ్య జీవితం గడిపిన వారిని అడిగి చూడండి. ధ్వని కంటె నిశ్శబ్దమే తమను ఎక్కువ భయపెట్టినదని చెబుతారు. మీట నొక్కినారు. సూది కొట్టిన చప్పుడు వినవచ్చినది. తూటా మాత్రం పేలలేదు. ఆ తరువాతి అర నిమిషంలో ఆ మనిషి ఏమి చేస్తాడన్న దానిపైన అతని కన్నో, చేయో ఆధారపడి ఉంటుంది.

మేడ్చల్ సమీపంలోని అత్వెల్లిలో ఒక పెద్దమనిషి ఉన్నారు. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే పనిలో చాలాకాలం ఉండి, విరమించి, ఇప్పుడు కూరగాయలు పండించుకొంటున్నారు. ఆయన కుడిచేతి బొటనవ్రేలికి పై కణుపు లేదు. కారణమడిగితే, "ఓపిక లేకపాయె సారూ, వేలు పాయె" అన్నారు. యౌవనంలో ఒకనాడు, ఎవరో చేతితో నింపిన తూటాను రైఫిలులో పెట్టి పేల్చబోయినారట. అది పేలలేదు. వెంటనే బోల్టు వెనుకకు లాగినారు. తూటా సగం వెలుపలికి వచ్చిన తరువాత పేలినది. ఇత్తడి ముక్కలై చేతిని చీల్చినది.

దీని కారణం తెలియాలంటే తూటా నిర్మాణం తెలియవలెను. ఇత్తడి గొట్టం, దాని అడుగున అమర్చిన చిన్న టోపీ, లోపలి మందు, మూతిలో బిగించిన గుండు — ఈ నాలుగింటి పొందికే తూటా. టోపీలో దెబ్బకు రగిలే రసాయనం ఉంటుంది. అది రగిలినప్పుడు పుట్టిన మంట సన్నని రంధ్రం గుండా పోయి మందును అంటిస్తుంది. దెబ్బతో నిప్పు పుట్టించే ఈ ఉపాయానికి 1807లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండు మతాచార్యుడు పేటెంటు పొందినాడు. అంతకు పూర్వం చెకుముకి రాయే గతి. వాన కురిస్తే తుపాకి మూగబోయేది. మూతివైపు నుండి మందు కూరే తుపాకులను మన తెలంగాణలో భర్మార్లు అనేవారు. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటంలో దళాల చేతులలో ఇవి కూడా ఉండేవి. మందు చెమ్మగిల్లితే వాటినీ నమ్ముకొనడానికి లేదు.

వాడిన ఇత్తడి గొట్టాన్ని సవరించి, కొత్త టోపీ, మందు, గుండు అమర్చుకొనే అలవాటు పాశ్చాత్య దేశాల గురికాండ్రలో విరివిగా ఉన్నది. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టాన్ని అనుసరించి, లైసెన్సు లేనిదే తూటాలు తయారు చేయరాదు. చేతిపని గనుక ఇందులో దోషానికి తావు ఎక్కువ. ఆ దోషాన్ని వెదకడానికి కూడా ఒక క్రమం ఉన్నదని మా అత్వెల్లి మిత్రుడు వివరించినారు.

మొదట టోపీపై పడిన గంటు చూడవలెను. గంటు లోతుగా ఉండీ పేలలేదంటే దోషం సాధారణంగా టోపీదే. చెమ్మ గాని, నూనె గాని తగిలి దాని రసాయనం చెడి ఉండవచ్చును. గంటు తేలికగా ఉంటే అనుమానం రెండు వైపుల పోవలెను. టోపీని గూటి అడుగు దాకా దించకపోతే, సూది దెబ్బ దానిని లోనికి నెట్టడానికే ఖర్చవుతుంది. అటువంటిది రెండవ దెబ్బకు పేలుతుంది. అట్లుగాక, కర్మాగారం నుండి వచ్చిన మంచి తూటాలపైన కూడా తేలికపాటి గంటే పడుతుంటే, దోషం తుపాకిది. స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చును. బోల్టులో గ్రీజు గడ్డకట్టి ఉండవచ్చును. ఇక అంచు లేని తూటాలలో, సవరించేటప్పుడు గొట్టం భుజాన్ని మితిమీరి వెనుకకు నొక్కితే, సూది తగలగానే తూటా ముందుకు జారి దెబ్బను తప్పించుకొంటుంది. ఒక్కొక్క కారణాన్ని విడివిడిగా పరీక్షించవలెను. అన్నిటినీ ఒకేసారి మార్చినవాడికి తప్పు ఎక్కడిదో ఎన్నటికీ తెలియదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వేరొకటి. గొట్టంలో మందు పోయడం మరచినా, పోసిన మందు చెడినా, టోపీ మాత్రమే సన్నగా 'టుప్' మంటుంది. ఆ కొద్దిబలానికి గుండు కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కొనిపోవచ్చును. పేలలేదనుకొని మరొక తూటా పేల్చితే తుపాకి గొట్టమే బద్దలవుతుంది. కనుక ధ్వని బలహీనంగా వినిపించినా ఆగవలసినదే. వేచి ఉండి, తుపాకిని ఖాళీ చేసి, బోల్టు తీసి, గొట్టంలో అడ్డు లేదని తెలిసేవరకు మరొక తూటా పెట్టరాదు.

తూటా అసలే పేలనప్పుడు చేయవలసిన పని చాలా స్వల్పం. తుపాకి మూతిని నిరపాయమైన దిక్కునే ఉంచి, బోల్టు వెనుక ముఖం పెట్టక, కనీసం 30 సెకండ్లు కదలకుండా వేచి ఉండవలెను. మరికొంతసేపు ఆగినా నష్టం లేదు. రగలడం ఆలస్యమైన తూటా ఉంటే ఆ వ్యవధిలో పేలిపోతుంది. తరువాత జాగ్రత్తగా వెలికి తీసి వేరుగా ఉంచి, తెలిసినవారికి అప్పగించవలెను. దానిని సుత్తితో కొట్టడం గాని, ఇంటిలో విప్పి చూడడం గాని తగదు.

ఆయన వద్ద సెలవు తీసుకొనే ముందు, నేర్చుకొనేవారికి మొదట ఏమి చెబుతారని అడిగినాను. తుపాకి పట్టడం, గురి చూడడం ఆ తరువాతి పాఠాలట. "ముందుగాల ముప్పయి దాకా లెక్కపెట్టుడు నేర్పుత సారూ" అన్నారు.