పరుల మతము నెరుగుట మన మతమును విడుచుట కాదు

(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన ఆదివారపు తెలుగు తరగతిలో నెలకొక గంట వివిధ మతములను గురించియు, దేవుని నమ్మనివారి తత్త్వమును గురించియు పిల్లలకు తెలుపవలెనను ప్రతిపాదన నేడు మీ ముందున్నది. దీనికి రెండు ఆక్షేపణలు వచ్చినవి. తెలుగక్షరములే సరిగా రాని పిల్లలకు ఈ బరువేల యనునది మొదటిది. పరమతమును గురించి చెప్పినచో పిల్లలు మనకు దక్కుదురా యనునది రెండవది. రెండును పిల్లల మేలు కోరి చేసినవే. కావున వానికి సమాధానము చెప్పుట మా విధి.

ముందుగా మనమెవరమో చూచుకొందము. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో తరతరములుగా నిలిచిన తెలుగువారిలో అరుంధతీయులు, కమ్మవారు, దేవాంగులు, బలిజలు, రాజులు, రెడ్లు మొదలైన పలువురున్నారు. నామము పెట్టువారు, విభూతి ధరించువారు, గ్రామదేవతను కొలుచువారు, చర్చికి పోవువారు, పెరియార్ 1925లో ఆరంభించిన ఆత్మగౌరవోద్యమపు బోధను నమ్మి ఏ గుడికిని పోనివారు, అందరును మన భాషవారే. మనలను కూర్చినది మతము కాదు, భాష. ఒకరి నమ్మకమొకరికి తెలియనిచో ఈ కూడిక ఎంతకాలము నిలుచును?

ఈ నేలకిది క్రొత్త కాదు. మధుర చేరువనున్న మాంగుళము కొండపై రెండువేల యేండ్లకు పూర్వపు బ్రాహ్మీ శాసనములు కలవు. జైన మునుల కొరకు వెళ్ళరై వర్తక శ్రేణివారు చేసిన ధర్మము అందు చెక్కబడియున్నది. 1606లో మధురకు వచ్చిన పాదిరి రాబర్ట్ డి నొబిలి తన మతమును చాటుటకే వచ్చెను. అయినను తమిళమును, తెలుగును, సంస్కృతమును నేర్చి, ఇచ్చటి శాస్త్రములను చదివిన పిదపనే పండితులతో వాదమునకు దిగెను. మీనాక్షీ కల్యాణమును, అళగరు వైగైలో దిగు ఉత్సవమును ఒక్క చైత్రోత్సవముగా కలిపి, శైవులను వైష్ణవులను ఒక్కచోట చేర్చినవాడు తిరుమల నాయకుడని పెద్దలు చెప్పుదురు.

మన శాస్త్రమర్యాద యింకను పాతది. ఎదుటివాని వాదమును వాడొప్పుకొనునట్లు చెప్పి, ఆ పిమ్మటనే మన సిద్ధాంతమును చెప్పవలెను. పూర్వపక్షమనగా నిదియే. విజయనగరము వెలసిన 14వ శతాబ్దిలో మాధవాచార్యులు కూర్చిన సర్వదర్శన సంగ్రహము వేదమును కాదనిన చార్వాకులతోనే మొదలగును. అంతటి పండితుడు నాస్తికుని మాటను మొదటి అధ్యాయమున నిలిపినప్పుడు, మనము దానిని పిల్లల చెవిని పడనీయకుండుట యేమి న్యాయము? ఆంధ్రదేశమున 1940లో ముదునూరునందు నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు గాంధీమహాత్మునితో కూర్చుండి మాటాడిరి. ఆ మాటల వలన ఎవరి గౌరవమును తగ్గలేదు.

ఇక తెలియనితనము వలన కలుగు కీడును గూర్చి కోయంబత్తూరువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1997 నవంబరులో అల్లరులు చెలరేగినవి. 1998 ఫిబ్రవరి 14న జరిగిన బాంబు ప్రేలుళ్ళలో 58 మంది మరణించిరి. బజారు మూతపడినచో వర్తకులమైన మాకు నష్టము లెక్కకు వచ్చును. ప్రక్క దుకాణమువానిపై పోయిన నమ్మకము మాత్రము ఏ పద్దులోనికిని రాదు. నెలకొక గంట పాఠము అట్టి ఘోరమును ఆపునని మేము చెప్పము. కాని పుకారు తెలియనితనము మీదనే బ్రతుకును. ప్రక్కయింటివాడు ఉపవాసమేల యుండునో, ఏమని ప్రార్థించునో ఎరిగిన పిల్లవానికి పుకారును పరీక్షించు శక్తి కలుగును.

చట్టమును దీనికి అడ్డు కాదు. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములలో మతబోధ కూడదనియు, ప్రభుత్వ గుర్తింపు గాని సాయము గాని పొందిన విద్యాలయములలో సమ్మతి లేనిదే ఎవరిని దానికి నిర్బంధింపరాదనియు మన రాజ్యాంగపు 28వ అధికరణము చెప్పుచున్నది. మతమును బోధించుట వేరు, మతములను గురించి తెలుపుట వేరని సుప్రీం కోర్టు 2002లో తీర్పు చెప్పినది. తన భాషను కాపాడుకొనుటకు మనవలెనే పాటుపడుచున్న వేల్సు దేశమున 2022 నుండి మతములతోబాటు మతేతర తత్త్వములును పాఠ్యక్రమమున చేరినవి.

మొదటి ఆక్షేపణకు మా సమాధానమిది. మన పిల్లలు వీధిలో తమిళము, బడిలో ఆంగ్లము మాటాడుచున్నారు. తెలుగు వంటింటికి పరిమితమైనది. ఉప్పు, పప్పు అడుగుటకు మాత్రమే పనికివచ్చు భాషను ఏ బిడ్డ తన బిడ్డకు నేర్పును? మరణమన నేమి, న్యాయమన నేమి, దేవుడున్నాడా అను ప్రశ్నలను తెలుగులో అడిగి తెలుగులో బదులు చెప్పిననాడు అది ఆలోచనకు భాషయగును. కావున ఇది భాషాబోధకు బరువు కాదు, బలము.

రెండవ ఆక్షేపణ తీరుటకు నాలుగు కట్టుబాట్లు కోరుచున్నాము. తలిదండ్రుల వ్రాతపూర్వక సమ్మతి లేనిదే ఏ పిల్లవానిని కూర్చుండబెట్టరాదు. ఏ మతమును గూర్చియైనను దానిని ఆచరించువారే వచ్చి చెప్పవలెను. నాస్తికునకును అదే వంతు, అదే గౌరవము. పూజ, ప్రార్థన, ప్రచారము, పరిహాసము తరగతిలో కూడవు. పిల్లవాని ప్రశ్నను అణచరాదు. 1939 జూలై 8 వరకు మధుర మీనాక్షి గుడిలోనికి మా పెద్దలను ఏల రానీయలేదని ఒక బిడ్డ అడిగినచో, పెద్దలు తల దించుకొనియైనను నిజము చెప్పవలెను.

ఒక్క గాలికి ఆరిపోవు దీపమైనచో తలుపులు మూసి ఎన్నాళ్ళు కాపాడగలము? చమురు పోసి వత్తిని సరిచేయుటయే మేలు. ఈ ప్రతిపాదనను ఒక సంవత్సరము పరీక్షార్థము అమలుపరచి, వచ్చు సర్వసభ్య సమావేశమున తలిదండ్రుల అభిప్రాయముతో మరల విచారించుటకు సభవారు సమ్మతింపవలెనని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.