మోర్టారు గుండు - రైతు నాగలి



యుద్ధమనగానే మనకు విమానములును, పెద్ద ఫిరంగులును తలపునకు వచ్చును. కాలిబంటు భుజముపై మోసికొనిపోయిన యొక చిన్న గొట్టమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచినాము. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా పదాతిదళములు వాడిన ఎం-2 అను 60 మిల్లీమీటర్ల మోర్టారు అది. దాని రూపకల్పన ఫ్రాన్సు దేశీయుడగు ఎడ్గార్ బ్రాంట్‌ది. గొట్టము, రెండుకాళ్ల ఊత, అడుగుపలక కలిసి 42 పౌండ్లు మాత్రమే. ఒక్కొక్క రైఫిల్ కంపెనీకి ఇట్టివి 3 ఉండెను.

దీని పని మిక్కిలి సులభము. సుమారు 3 పౌండ్ల గుండును గొట్టపు మూతినుండి లోనికి జారవిడుతురు. అది అడుగుననున్న సూదిపై పడగానే తోకలోని మందు అంటుకొనును. గుండు ఆకసమున కెగసి, గుట్ట కావల గోతిలో దాగినవానిపై గూడ పడును. సుమారు 2,000 గజముల దూరము పోవును.

మరి చేతిలోనే పేలిన నేమి గతి? అందులకే గుండు ముక్కుననున్న ఫ్యూజునకు మూడు గడియల నమర్చిరి. మొదటిది చేతితో తీయు తీగ. రెండవది కాల్పు అదటునకు గాని తొలగని చీల. మూడవది గొట్టపు గోడ ఒత్తుచున్నంతసేపు లోపలనే యుండి, గుండు మూతి దాటగానే ఎగిరిపోవు చీల. ఎంత జాగ్రత్త! కాని యీ జాగ్రత్త యంతయు కాల్చువాని కొరకే గదా!

గుండు నేలబడియు పేలకున్నచో? అప్పటికి గడియలన్నియు ఊడిపోయినవి. సైనికుడు ఇల్లు చేరును, సంధిపత్రముపై సంతకములగును, గుండు మాత్రము మట్టిలో వేచియుండును. ఈ మోర్టారును వియత్నామున గూడ వాడిరి. అచ్చట యుద్ధము 1975లో ముగిసెను. ఇరుపక్షములును ప్రయోగించిన గుండ్లలో పేలక మిగిలినవి నేటికిని పొలములలో బయటపడుచునే యున్నవి. నాగలి తగిలినను, పాత ఇనుమని ఏరినను, బొమ్మయని పిల్లవాడు పట్టినను ప్రాణములకు ముప్పే.

పోరు ఆగిన పిమ్మట, తమ యధీనమునందలి భూమిలో మిగిలిన పేలుడు పదార్థములను తొలగింపవలెనని దేశములు 2003లో ఒడంబడిక చేసికొన్నవి. అది 2006లో అమలునకు వచ్చెను. భారతదేశమును, అమెరికాయును అందు చేరినవి. అయితే అంతకు పూర్వపు గుండ్ల విషయమున, బాధిత దేశము సాయము కోరవచ్చునని అందు గలదు.

కాల్చువానికి మూడు గడియలు పెట్టగలిగిన రాజ్యములకు, దున్నువానికి ఒక్కటి పెట్టుట అసాధ్యమా? ఎచ్చట నెన్ని గుండ్లు వేసితిమో వ్రాసియుంచవలెను. ఏరి తీయుటకు ధనమియ్యవలెను. దీనిని దయ యనరాదు, ఇది ఋణము. ఆ ఋణము తీరువరకు యుద్ధము ముగిసినదని చెప్పుట కెవ్వరికిని అధికారము లేదని మా యభిప్రాయము.