చిల్లు పడిన కాసు



కాసులపేరు మనకు కొత్త కాదు. చిన్నప్పుడు నా మొలతాడుకు కూడా ఒక కాసు ఉండేది. మా అమ్మమ్మ వాళ్లది జగిత్యాల జిల్లా కోటిలింగాల దగ్గర పల్లె. వానలు వెలిశాక గోదావరి ఒడ్డున దొరికిన సీసపు బిళ్లకు తాత మేకుతో చిల్లు పొడిచి నాకు కట్టాడు.

ఇంజనీరింగ్ అయ్యాక పైచదువుకు జర్మనీలోని క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ వెళ్లాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి అక్కడే ఉండిపోయాను. హార్జ్ కొండల్లో వెండి, సీసం తవ్విన ఊరది. గనులు 1930లో మూతపడ్డాయి. ఇన్నర్‌స్టె ఏటి ఒడ్డున సీసం కరిగించే కర్మాగారం మాత్రం 1967 దాకా నడిచింది.

ఒకరోజు మా అమ్మాయి ఆ ఒడ్డున నల్లగా మెరిసే చిట్టెం ముక్క ఏరుకొచ్చి, లాకెట్ చేయించమంది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున దొరికే పాత మట్టి పొగగొట్టాల ముక్కలతో చెవిపోగులు చేస్తున్నారు కదా అని వాదన. నిజమే. కానీ అక్కడ వెతకాలంటే అనుమతిపత్రం ఉండాలి, 300 ఏళ్లు దాటినవి దొరికితే నిపుణులకు చూపించాలి. పైగా మా ఏటి ఒండ్రులో సీసం, కాడ్మియం ఇంకా ఉన్నాయి. ఒంటి మీదకు వద్దన్నాను.

"మరి నీ మొలతాడు కాసు సీసమే కదా నాన్నా?" అంది. నాకు జవాబు తోచలేదు.

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ పెట్టెలోంచి ఆ కాసు తీసి, పాత లిపులు తెలిసిన ఒక పెద్దాయనకు చూపించాం. శాతవాహనుల కాలం నాటిదన్నారు. అంచున రెండు మూడు బ్రాహ్మీ అక్షరాలున్నాయి. పేరు ఉండాల్సిన చోట తాత కొట్టిన మేకు దిగింది.

గోబద, సమగోప వంటి పాలకుల పేర్లు మనకు తెలిసింది కోటిలింగాల నాణేల వల్లనే. చిముక శాతవాహనుడి నాణేలూ అక్కడ దొరికాయి. వాటన్నిటికీ ఇలాగే చిల్లులు పొడిచి ఉంటే? తాతది తప్పనను. మనవడికి దిష్టి తగలకూడదనుకున్నాడు, అంతే.

భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. కాసును అధికారులకు అప్పగించాం. ముందుగా ఫొటోలు, కొలతలు తీసుకుని వెండితో నకలు చేయించాం, చిల్లుతో సహా. ఇప్పుడు మా అమ్మాయి మెడలో ఉన్నది అదే.

మీ ఇళ్లలోనూ అమ్మమ్మల పెట్టెలుంటాయి. పాత బిళ్ల ఏదైనా కనిపిస్తే, కరిగించే ముందు, చిల్లు పొడిచే ముందు, తెలిసినవారితో ఒక్కసారి చదివించండి. అదే నా మనవి.