పాల వ్యాను డ్రైవరు లైసెన్సు – సంఘం బాధ్యత

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు వెన్న శాతం గురించి గాని, ఆడిట్ అభ్యంతరాల గురించి గాని నేను మాట్లాడబోవడం లేదు. మన పాలను నగరానికి చేర్చే డ్రైవరు జేబులోని లైసెన్సు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది అతని సొంత వ్యవహారమని మనలో చాలామంది అభిప్రాయం. కాని ఆ లైసెన్సు సస్పెండయితే నష్టం సంఘం పద్దులోకే వస్తుంది.

2017 ఆగస్టు 1న హైదరాబాదులో ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్ల పద్ధతి ప్రవేశపెట్టారు. హెల్మెట్ లేకపోతే 1 పాయింటు. ఎదురుదారిన నడిపితే 2. తాగి నడిపితే మోటారు సైకిలుకు 3, కారు, లారీలకు 4, ఆటో, బస్సులకు 5. 24 నెలలలో 12 పాయింట్లు పోగయితే ఏడాదిపాటు లైసెన్సు సస్పెన్షన్ అని నిర్ణయించారు. చలాను కట్టేస్తే తప్పు మాసిపోదు, అది లెక్కలో నిలిచి ఉంటుంది అన్నదే ఆ పద్ధతిలోని సారాంశం.

పాయింట్లతో పనిలేకుండా వర్తించే నిబంధనలు కూడా ఉన్నవి. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015 ఆగస్టులో అన్ని రాష్ట్రాలకూ ఆదేశాలిచ్చింది. అతివేగం, ఎర్రదీపం దాటడం, సరుకు బండిలో అధిక బరువు వేయడం, మనుషులను ఎక్కించడం, తాగి నడపడం, నడుపుతూ ఫోను మాట్లాడడం – వీటికి కనీసం 3 నెలలు లైసెన్సు సస్పెండు చేయాలన్నది. క్యాన్ల పక్కన నలుగురిని కూర్చోబెట్టి తీసుకువచ్చే అలవాటు మన బండ్లలో ఉన్నదా లేదా, మీరే ఆలోచించండి.

సస్పెన్షన్‌లో ఉన్నవాడు బండి నడిపితే 2019 సవరణ తరువాత చట్టంలో 3 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చెల్లే లైసెన్సు లేనివానికి బండి అప్పగించిన యజమానికి కూడా 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. వ్యాను సంఘం పేర ఉంటే యజమాని సంఘమే.

అంతకన్న పెద్ద ప్రమాదం ఇన్సూరెన్సు విషయంలో ఉన్నది. డ్రైవరు లైసెన్సుకు అనర్హుడై ఉండగా ప్రమాదం జరిగితే కంపెనీ ఆ కారణం చూపి వాదించవచ్చు. యజమాని తెలిసి గాని, అశ్రద్ధతో గాని బండి అప్పగించాడని రుజువైతే, కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని నుండి రాబట్టుకోవచ్చునని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సొమ్ము ఎక్కడి నుండి తేవాలి? సభ్యులు పూట పూటా పోసిన పాల డబ్బులోనుంచే గదా!

డ్రైవరును మాత్రమే నిందించడం న్యాయం కాదు. సేకరణ అరగంట ఆలస్యంగా ముగించి, ఆ అరగంటను రోడ్డుమీద పూడ్చమని అతని మీద పెడుతున్నది మనమే. పాలు పులిసిపోతాయన్న భయం ఒకవైపు, ఎల్.బి.నగర్ రద్దీ మరొకవైపు. యూ-టర్ను దూరమని ఎదురుదారి పట్టేది అప్పుడే. వేళకు తూకం, వేళకు పంపకం జరిగితే సగం చలాన్లు తగ్గుతాయని నా నమ్మకం.

కనుక ప్రతి సంఘం ఈ పనులు చేయాలి:

1. నెలకొకసారి డ్రైవరు లైసెన్సును, బండిమీద ఉన్న చలాన్లను చూసి రిజిస్టరులో రాయాలి. కిరాయి బండి అయినా సరే.
2. బండి బయలుదేరిన వేళ రాసి కార్యదర్శి సంతకం చేయాలి. ఆలస్యం ఎవరిదో అప్పుడు తేలుతుంది.
3. సస్పెన్షన్ నోటీసు వస్తే డ్రైవరు దాచకూడదు. 19వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వుకు ముందు తన వాదన చెప్పుకునే హక్కు, ఉత్తర్వు అందిన 30 రోజులలో అప్పీలు చేసుకునే హక్కు అతనికి ఉన్నవి. దరఖాస్తు రాయడంలో కార్యదర్శి సాయపడాలి.
4. సస్పెన్షన్ కాలంలో అతనికి క్యాన్లు కడిగే పనో, తూకం పనో ఇవ్వండి. కూడు పోతుందన్న భయం లేనివాడే నిజం చెబుతాడు.

పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు చెబుతుంది. లైసెన్సు సంగతి మాత్రం మనం అడిగితేనే తెలుస్తుంది. ఈ నెల పాలకవర్గ సమావేశంలోనే అడగడం మొదలుపెట్టవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.