రందికి కూడా ఓపీ చీటీ



ధర్మపురికి వచ్చినోళ్లకు యమపురి ఉండదంటారు. నరసింహస్వామిని చూసుకుని, యమధర్మరాజు గుళ్లో గండదీపంలో నూనె పోసి పోతారు. ఆ వరుసలో నిలబడ్డ ఆడవాళ్లను ఎప్పుడైనా గమనించారా? ఎందరి పెనిమిట్లో దుబాయిలో, మస్కట్‌లో ఉంటారు. ఏజెంటుకు కట్టిన పైసలకు మిత్తి పెరుగుతూనే ఉంటుంది. రాత్రి ఫోనొస్తే అటు ఆయన, ఇటు ఈమె "మంచిగనే ఉన్న" అనుకుంటారు.

మర్నాడు ఆమె సర్కారు దవాఖానకు వస్తుంది. "తలకాయ నొస్తాంది సారూ, పానం గుంజుతాంది, నిద్ర పడ్తలేదు." వెనక పెద్ద వరుస. నొప్పి గోలీ, బలం గోలీ రాస్తే చీటీ అయిపోయింది. రంది ఆ చీటీలోకి ఎక్కదు. ఈ జగిత్యాల జిల్లాలోనే డాక్టరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి, చూసిందే చెబుతున్నా.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని అనను. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. జిల్లా కార్యక్రమం రావడానికి మాత్రం 1996 దాకా పట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గట్టిది. మానసిక వైద్యం హక్కు అన్నది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి తప్ప శిక్షించొద్దన్నది. ఒంటి జబ్బుతో సమానంగా దీనికీ బీమా ఇవ్వాలన్నది. అయినా కేసవుతుందన్న భయంతో ఇంటోళ్లు దవాఖానలో ఇప్పటికీ అబద్ధం చెబుతారు. చట్టం మారిన సంగతి ఊరికి ఎవరు చెప్పారు గనక!

జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, దిగులు, ఆందోళన వంటి రుగ్మతలున్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా వైద్యమే అందలేదు. 2022 అక్టోబరులో టెలీ మానస్ సహాయవాణి వచ్చింది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. అదే ఏడాది జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా తెరిచారు. కానీ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరును తిట్టుగా వాడినన్నాళ్లూ మనసు డాక్టరు గది ముందు కూర్చోడానికి జనం జంకుతారు. చర్మం డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి వస్తారు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని మన తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచిదే. అయితే అది శవపెట్టె శంషాబాద్ విమానాశ్రయంలో దిగాక అందే సాయం. కార్మికుడు క్యాంపు గదిలో ఒక్కడే కుమిలిపోతున్నప్పుడు తన భాషలో మాట్లాడే మనిషి కావాలని కూడా గల్ఫ్ కార్మిక సంఘాలు గట్టిగా అడగాలని నా అభిప్రాయం.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు గ్రూప్స్ పరీక్షలు రాస్తారు, కొందరు పంచాయతీ కార్యదర్శులవుతారు. దాచడమెందుకు, కొందరు పాస్‌పోర్టుకు అర్జీ పెట్టే ఉంటారు. ఎక్కడున్నా, ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు ఒక్క సంగతి అడగండి. బీపీ, షుగర్ గోలీల్లాగే దిగులు జబ్బు మందు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా దొరుకుతోందా? దొరకడం లేదంటే తీర్మానం రాయించండి. కింద సంతకాలు చేయించి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి.